అమావాస్య నాడు కదలని భూమి

భూకంపం ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పిన మనిషి ఈ దేశంలో ఒకడే ఉన్నాడు. వాడిని నేనే. కమలాపురంలో టీ అంగడి ముందు నలభై మంది చూస్తుండగా, "ఒంటిగంట కానీయండి, భూమి కదుల్తాది" అన్నాను. ఒంటిగంటా అయిదు నిమిషాలకు బల్ల మీద టీ గ్లాసులు గలగలమన్నాయి. అంగడివాడు చేతిలో గరిట వదిలేసి నాకు దండం పెట్టాడు.

నలభై మంది కాదు, ఏడుగురు. వాళ్లలో ఇద్దరు బస్సు కోసం నిలబడినవాళ్లు. అంగడివాడు దండం పెట్టలేదు, "ఇంకో టీ తాగుతావా సారూ" అన్నాడు. గ్లాసులు గలగలమన్న మాట మాత్రం నిజం. బల్ల కింద నా మోకాలు తగిలిందేమోనని ఇప్పటికీ అనుమానం. అనుమానమేమిటి, తగిలించాను.

అయితే ఆ వేళకు మా వాతావరణ కేంద్రంలో యంత్రం నిజంగానే భూమి కదిలినట్టు గీసింది. మర్నాడూ గీసింది. ఎండ కాసిన రోజు, మిట్టమధ్యాహ్నం దాటాక, దాదాపు ఒకే వేళకు. అది ఎందుకు గీసిందో నేను బయటికి చెప్పే లోపల ఒక మనిషి ఇంటి గోడ కూలింది. వాతావరణ కేంద్రాల్లో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పదగినది ఏదైనా ఉంటే ఆ గోడ సంగతే. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి చెప్పను. చెప్పేటన్ని రాలేదు కూడా.

గాజుగుండు

మా పని బయటివాళ్లకు పనిలాగా కనిపించదు. పొద్దున ఎనిమిదిన్నరకు వాన కొలిచే పాత్ర చూడాలి, తెల్ల పెట్టెలోని ఉష్ణమాపకాలు చూడాలి, ఆకాశంలో ఎన్ని వంతులు మబ్బుందో చూడాలి, పుస్తకంలో రాయాలి. మళ్లీ సాయంత్రం చూడాలి, రాయాలి. కర్నూలు ఎండల్లో నేను వాన పాత్ర మూత తీసి, లోపల దుమ్ము తప్ప ఏమీ లేదని వరుసగా నాలుగు నెలలు రాశాను. సున్నా రాయడానికి జీతం తీసుకునే ఉద్యోగం మాది. కానీ ఆ సున్నా నిజమైన సున్నా అయి ఉండాలి.

కేంద్రం మిద్దె మీద ఒక గాజుగుండు ఉండేది, కొబ్బరికాయ కంటే కొంచెం చిన్నది. దాని వెనక గంటల గుర్తులున్న అట్టముక్క పెడతాం. ఎండ గాజులోంచి పోయి ఆ అట్టను సన్నగా కాలుస్తుంది. ఎండ ఉన్నంతసేపూ కాలిన గీత, మబ్బు వస్తే తెగిన గీత. చీకటి పడ్డాక అట్ట మార్చి, ఎన్ని గంటలు ఎండ కాసిందో లెక్కించుకోవడమే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మహానందిలో కోనేటి స్నానానికని స్నేహితులు పిలిచారు. పొద్దున రీడింగు చూసి, సాయంత్రం రీడింగు కూడా అప్పుడే రాసిపెట్టి వెళ్లిపోయాను. "ఆకాశం నిర్మలం." ఆ కాలంలో ఆకాశం ఇంకేముంటుంది? మర్నాడు వచ్చేసరికి మా పైఅధికారి అనంతయ్య గారు నా బల్ల మీద ఆ రోజు అట్టముక్క పెట్టి కూర్చున్నారు. గీత పన్నెండు దగ్గర తెగిపోయింది. ఆ తర్వాత కాలిన మచ్చే లేదు.

"మహానందిలో నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడిగారు.

నేను అట్టముక్క చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పాను.

"ఈ గాజుగుండుకు స్నేహితులు లేరు. అందుకే దీన్ని నమ్ముతాను" అన్నారు. తర్వాత రీడింగుల పుస్తకం నా వైపు తిప్పారు. "ఏం జరిగిందో రాయడానికి ఇందులో ఇన్ని గడులున్నాయి. ఎందుకు జరిగిందో రాయడానికి ఒక్క గడి కూడా లేదు. ఎప్పుడైనా ఆలోచించావా?"

ఆలోచించాను. దుకాణానికి పోయి సొంతంగా ఒక నోటుపుస్తకం కొనుక్కుని, అన్ని గడులూ గీసి, చివర ఆ గడి కూడా గీశాను. పైన "కారణం" అని రాసుకున్నాను. ఆయన చెప్పింది నాకు అట్లా అర్థమైంది.

నా సిద్ధాంతం

పాతికేళ్ల కిందట నన్ను కడప వైపు, కమలాపురానికి దగ్గర్లో ఒక చిన్న కేంద్రానికి వేశారు. అక్కడ వాతావరణ పరికరాలతో పాటు భూమి కదలికలు గీసే యంత్రం ఉండేది. తిరిగే డ్రమ్ముకు కాగితం చుట్టి ఉంటుంది, దాని మీద పెన్ను గీస్తూ పోతుంది. భూమి కదిలితే గీత వణుకుతుంది.

ఒక చేతిలో ఎండ అట్ట, ఇంకో చేతిలో భూమి కాగితం. నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి? రెండూ పక్కపక్కన పరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. అట్ట బాగా కాలిన రోజుల్లోనే కాగితం మీద గీత వణికింది. మబ్బు రోజుల్లో తక్కువ. వాన రోజుల్లో అసలు లేదు.

అప్పటికే నేను సూర్యుడి మచ్చలు లెక్కపెడుతున్నాను. పాత దుర్భిణి ఒకటి కిటికీలో బిగించి, సూర్యుడి బొమ్మను తెల్లకాగితం మీద పడేస్తే నల్ల మచ్చలు కనిపిస్తాయి. కంటితో నేరుగా చూడకూడదు, గుర్తుంచుకోండి. అవి పదకొండేళ్లకు అటూఇటూగా పెరిగి తగ్గుతుంటాయి. నేనక్కడ లెక్కపెట్టిన రెండేళ్లూ అవి పెరిగే కాలం. మచ్చలు పెరిగాయి, మా కాగితం మీద వణుకులూ పెరిగాయి. వాటితో పాటు కమలాపురంలో టీ అంగళ్లు కూడా పెరిగాయి గానీ వాటిని నేను లెక్కపెట్టలేదు.

ఇంకో వింత కూడా దొరికింది. అమావాస్య నాడు ఎంత ఎండ కాసినా భూమి కదలదు. నెల తర్వాత నెల చూశాను, ఒక్క అమావాస్య కూడా తప్పలేదు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు నిలబడి గుంజితే భూమి బిగుసుకుపోతుందని కారణం గడిలో రాశాను. మధ్యాహ్నం ఒంటిగంటకే ఎందుకంటారా? ఎండ వేడి రాతిలోకి దిగడానికి అంతసేపు పడుతుందని రాశాను. ఏది అడిగినా నా దగ్గర జవాబుంది. ఇప్పుడు ఎవరైనా అన్నిటికీ జవాబు చెబుతుంటే నాకు భయమేసేది అందుకే.

"సూర్యుడి మచ్చలు, మన భూకంపాలు" అని ఒక వ్యాసం రాస్తే ఊరి పత్రికలో వేశారు. దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలొచ్చాయి. మూడొచ్చాయి. ఒకటి మా బావమరిది రాసింది.

వారం తిరక్కముందే గోపాలప్ప అనే ఆయన శాలువా, పూలదండ పట్టుకుని వచ్చాడు. మాకు నాలుగు మైళ్ల దూరంలో ఆయనకు సున్నపురాయి గని ఉంది. "మీ అసుమంటోళ్లు మా తావుకొచ్చింది మా అదృష్టం సారూ" అని శాలువా కప్పి, నా వ్యాసం మీద సంతకం పెట్టించుకుని, గీతల కాగితాల నకళ్లు కూడా తీసుకుపోయాడు. గని యజమానికి సూర్యుడి మీద ఇంత ప్రేమ ఎందుకని నాకు తోచలేదు.

తోచింది. శాలువా మెత్తగా ఉందని ఊరుకున్నాను.

ఓబుళమ్మ గోడ

ఆ గని పక్కనే ఒక ఊరు. గనిలో మందు పేలుస్తుంటే తమ ఇళ్లు బీటలు వారుతున్నాయని ఊరివాళ్లు అర్జీ పెట్టారు. గోపాలప్ప అవి పేలుళ్ల వల్ల కాదు, భూకంపాల వల్ల అన్నాడు. దానికి సాక్ష్యం నా వ్యాసం. తేల్చడానికి ఒక అధికారి వస్తున్నాడు, మీరూ రావాలని కబురొచ్చింది. నేను ఇస్త్రీ బట్టలు వేసుకుని, కాగితాలు సంచిలో పెట్టుకుని, గంట ముందే బస్సు దిగాను.

అర్జీలో మొదటి వేలిముద్ర ఓబుళమ్మది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక శనగ చేను తనే చూసుకుంటూ ఒంటరిగా ఉంటోంది. అధికారి ఆమె ఇల్లు చూడాలి గనుక నేనూ అక్కడికే పోయాను. చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

వంటింటి గోడకు నిలువునా బీటు. దాని పక్కన కింది నుంచి పైదాకా బొగ్గుతో చిన్న చిన్న అడ్డగీతలు. అక్కడక్కడా గీత బదులు గుండ్రని చుక్క.

"ఇవేమక్కా?"

"అటక మీద గిన్నెలు అదిరిన దినమల్లా బీటు యాడిదాకా వచ్చిందో ఆడ ఒక గీత పెడతా. నాకు సదువు లేదు గదప్పా."

నాకు నవ్వొచ్చింది. నాది లక్షల యంత్రం, ఆమెది పొయ్యిలో బొగ్గు. కాస్త జ్ఞానం పంచుదామని నా కాగితాలు తీసి అరుగు మీద పరిచాను. ఎండ చూపించాను, వణుకు చూపించాను. చివరకు దాచి ఉంచిన మాట తీశాను.

"అమావాస్య నాడు మటుకు భూమి కదలదక్కా. అది సూర్యచంద్రుల మహిమ."

ఓబుళమ్మ నా ముఖం చూసింది. ఎగతాళి చేస్తున్నాననుకుంది మొదట.

"అమావాస్య నాడు గనిలో మందు ఎవురప్పా ముట్టించేది? అట్లొక అమావాస్యకే గదా ఆడ రాయి కూలి ఇద్దరు పోయిండేది. అప్పట్నుంచి ఆ దినం పలుగు గూడా ముట్టరు."

"మరి వాన దినాల్లో?"

"మందు తడిస్తే యాడ పేల్తాది?"

"ఒంటిగంటకే ఏంటికి అదిరేది?"

"కూలోళ్లు సద్ది తినేకి బయటికొస్తారు. లోపల ఎవురూ ఉండరని అప్పుడు పేలుస్తారు." గోడ వైపు చెయ్యి చూపించింది. "ఆ చుక్కలు అమావాస్యలే. నీ మిషన్లో గూడా అవే పడిండాయా? అయితే మంచి మిషనే సారూ."

ఎండ కాస్తే మందు పొడిగా ఉంటుంది, మందు పొడిగా ఉంటే గని పేలుతుంది, గని పేలితే నా పెన్ను వణుకుతుంది. సూర్యుడికీ భూకంపానికీ సంబంధం ఉందని నేను కనిపెట్టింది నిజమే. మధ్యలో గోపాలప్ప ఉన్నాడు, అంతే. రెండేళ్ల పుస్తకం ఒక చెంబు మజ్జిగ తాగేలోపు కరిగిపోయింది.

"కారు శబ్దమైతాంది, వచ్చినట్టుండారు" అంది ఓబుళమ్మ, కొంగు సర్దుకుంటూ. "సారూ, నీది సర్కారు మిషను. నువ్వు చెప్తే ఇంటారు."

విచారణ

అందరూ గోడ ముందు గుమిగూడారు. అధికారి బొగ్గు గీతల్ని వంగి చూశాడు. గోపాలప్ప నవ్వాడు. "బొగ్గుతో గీతలు ఎవురన్నా గీస్తారు సార్. ఈ సారుది సైన్సు. పేపర్లో గూడా పడింది."

అధికారి నా వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నాడు.

నేను నరసింహస్వామిలా లేచాను. "అయ్యా, నా లెక్క తప్పు. ఈ తల్లి గోడే ఒప్పు" అన్నాను. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఇరవై ఏళ్లు ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఇట్లాగే చెప్పాను. నా పెళ్లాంబిడ్డలకు కూడా. జరిగింది అది కాదు. నేను గొంతు సవరించుకుని, "ఇంకా పరిశీలించాల్సి ఉందండీ" అన్నాను. శాలువా గుర్తొచ్చింది, పత్రికలో పడిన నా పేరు గుర్తొచ్చింది. నన్ను టీ అంగడి దగ్గర సూర్యుడి సారు అంటారు, ఆ పిలుపూ గుర్తొచ్చింది. అబద్ధం చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పరిశీలించాల్సింది ఎప్పుడూ ఉంటుంది కదా. ఆ మాటకున్న గొప్పతనమే అది. ఎవరూ తప్పు పట్టలేరు.

అధికారి తల ఊపి, రెండు నెలల తర్వాత చూద్దామని రాసుకుని వెళ్లిపోయాడు. ఓబుళమ్మ నన్ను తిట్టలేదు. నా మజ్జిగ చెంబు ఎత్తుకుని లోపలికి పోయింది.

పన్నెండో రోజున నా పెన్ను ఒంటిగంటా పది నిమిషాలకు అంతకు ముందెన్నడూ లేనంత పెద్దగా వణికింది. సాయంత్రానికి కబురొచ్చింది. ఓబుళమ్మ వంటింటి గోడ పొయ్యి మీద పడిపోయింది. ఆమె కొళాయి దగ్గర బిందె పట్టుకుని ఉంది కాబట్టి బతికింది. బిందె నిండేదాకా నిలబడ్డం వల్ల మిగిలిన ప్రాణం అది. ఆమె పెట్టిన బొగ్గు గీతలన్నీ మట్టిలో కలిసిపోయాయి.

అంటే ఇప్పుడు సాక్ష్యం నా దగ్గరే మిగిలింది.

ఉత్తరం

అనంతయ్య గారు అప్పటికి రిటైరై కర్నూల్లో ఉన్నారు. ఆయన దగ్గరకు పోయి మొత్తం చెప్పాను, మోకాలితో బల్ల తన్నడంతో సహా. ఆయన నోటుపుస్తకం తిరగేసి కారణం గడి దగ్గర ఆగారు.

"అంకెలన్నీ సరిగ్గా రాశావురా. ఒక్క అంకె కూడా వండలేదు. మహానంది నుంచి ఇంత దూరం వచ్చావు" అన్నారు. "ఇప్పుడు ఈ ఒక్క గడి చింపి, మిగిలింది పంపించు."

"పేరు పోతుంది సార్."

"పోతుంది" అన్నారు, అది పెద్ద విషయం కానట్టు.

రెండేళ్ల కాగితాలకు నకళ్లు తీసి, వణికిన వేళలు, వణకని అమావాస్యలు, వాన రోజులు ఒక వరుసలో పెట్టి అధికారికి పంపాను. నా వ్యాసం తప్పని కింద ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి మూడు రోజులు పట్టింది. అధికారి ఈసారి చెప్పాపెట్టకుండా ఒక అమావాస్య నాడూ, మర్నాడూ వచ్చి ఊళ్లో కూర్చున్నాడు. మొదటి రోజు ఏ ఇంట్లోనూ అటక మీద గిన్నెలు అదరలేదు. రెండో రోజు ఆయన ముందే అదిరాయి. పేలుళ్లు గుట్టకు అవతలి వైపుకు మార్చాలని ఉత్తర్వు వచ్చింది. ఊరివాళ్లు తలా ఒక చెయ్యి వేసి ఓబుళమ్మకు గోడ లేపారు. నేను ఒక ఆదివారం పోయి మట్టి మోశాను. ఆదివారమంతా మోశానని చెప్పుకుంటాను గానీ, పదకొండుకే నడుం పట్టేసింది.

మరి సూర్యుడి సంగతి?

ఇదంతా చదివి సూర్యుడికీ మన వాతావరణానికీ సంబంధం లేదనుకోకండి. అసలు వాతావరణమంటేనే సూర్యుడి పని. మచ్చలు పెరిగి తగ్గినప్పుడు ఆ వేడిలో వచ్చే తేడా చాలా చిన్నది. దాని వల్ల ఎక్కడో ఏదో మారుతుందేమో, పెద్ద శాస్త్రవేత్తలు చూస్తున్నారు. కానీ ఈ ఏడు నందికొట్కూరులో వాన పడుతుందా లేదా అన్నది ఆ మచ్చల్ని చూసి చెప్పేవాడుంటే వాడికి శాలువా కప్పకండి.

వానకూ భూమి కదలికకూ సంబంధం ఉండొచ్చు. కరువు తర్వాత ఒక్కసారిగా పెద్ద వానలు పడి, బావులు పొంగి, కొన్నాళ్లకు గట్టిరాతి నేలల్లో ఉరిమినట్టు శబ్దాలు, చిన్న చిన్న అదురులు రావడం నేనూ చూశాను. నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి ఒత్తిడి మారుస్తాయంటారు. నమ్మదగిన మాటే. అయినా ప్రతి అదురుకూ అదే కారణమని నేను రాయలేదు.

సూర్యుడి మచ్చలకూ భూకంపాలకూ ముడి ఉందనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఉంటే ఉండొచ్చు. దాన్ని పట్టుకుని రేపటి భూకంపం చెప్పగలిగినవాడిని మాత్రం నేను చూడలేదు. ఒకడు టీ అంగడి దగ్గర చెప్పేవాడు, వాడి సంగతి మీకు తెలుసు.

కొత్తగా చేరేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. ఏ ఊళ్లో యంత్రం పెట్టినా ముందు ఆ ఊరి సెలవులు తెలుసుకోండి. ఎప్పుడు పని ఆపుతారు, ఎప్పుడు తింటారు, ఏ రోజు పలుగు ముట్టరు, ఇవన్నీ అడగండి. యంత్రం దగ్గర కూర్చుని రెండేళ్లలో నాకు తెలియనిది గోడ పక్కన ఉన్న మనిషికి తెలుసు. నేను అడగలేదు. తెలిసొచ్చాక నోరు తెరవలేదు. ఈ రెండు తప్పుల్లో మొదటిది అజ్ఞానం. దాన్ని మీరు కూడా చేస్తారు, ఫరవాలేదు. రెండోది చేయకండి.

మొన్న

మొన్న ఫోన్లలో ఒక సందేశం తిరిగింది. సూర్యుడిలో పెద్ద తుఫాను, రేపు రాయలసీమలో భూకంపం, ఎవరూ ఇళ్లలో పడుకోవద్దని. సాయంత్రం ఓబుళమ్మ ఫోన్ చేసింది. డెబ్బై అయిదు దాటింది, గొంతు మాత్రం అదే.

"ఏమప్పా సూర్యుడి సారూ, రేపు భూమి కదుల్తాదంట గదా. ఊరంతా మంచాలు బయట ఏస్తాండారు. నేనేం చెయ్యల్ల? బయట తేళ్లు శానా ఉండాయి."

"నాకు తెలీదక్కా. ఎవురికీ తెలీదు. గోడ ఎట్లుండాది?"

"కొత్త గోడలో గూడా సన్న బీటు వచ్చింది, వాన నీళ్లకు. గీత పెట్టిండా. మూడేండ్లాయ, గీత దాటలా."

"అయితే లోపలే పండుకో. రేపు కదుల్తాదని చెప్పేకి ఎవురి దగ్గరా ఏమీ లేదు."

ఆమె మెల్లిగా అంది. "ఆ పొద్దు గూడా ఇట్లే అంటివి గదప్పా. తెలీదు, పరిశీలించల్ల అని."

ఈ పాతికేళ్లలో ఆమె ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి.

"ఆ పొద్దు తెలిసి తెలీదంటినక్కా. ఈ పొద్దు తెలీక తెలీదంటాండా."

ఫోన్లో వెనక ఎవరో మంచం ఈడుస్తున్న శబ్దం.

"రేయ్, ఆ మంచం ఆడనే పెట్టు" అని ఎవరినో కేకేసింది. "సరే సారూ. లోపలే పండుకుంటా."

మర్నాడు సరిగ్గా ఎనిమిదిన్నరకు, నా అలవాటు వేళకు, ఫోన్ చేశాను. ధైర్యంగానే చేశాను అని రాద్దామనుకున్నాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను.

"అక్కా, గీత?"

"ఆడనే ఉండాది."